అందరూ ముందుపాటోళ్లే!

మొన్న ఒక ఆదివారం మా అల్లుడు పట్టుబడితే సూర్యాపేటలోనే ఒక పాటల సభకు పోయాను. సభ అని నేనంటున్నాను గానీ వాళ్లు దాన్ని ‘కరోకే మీట్’ అంటారు. మేడ మీద చిన్న హాలు. గోడకు పెద్ద టీవీ, రెండు స్పీకర్లు, రెండు మైకులు, ఒక ల్యాప్‌టాప్. పాడేవాళ్లు పాతికమంది దాకా ఉన్నారు. బ్యాంకులో రిటైరైనవాళ్లు, బడిపంతుళ్లు, ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు ఎల్‌ఐసీ ఏజెంట్లు. హాలంతా ఒకసారి కలియజూసి, “వాయించేటోళ్లు ఇంకా రాలేదా?” అని అడిగాను. అల్లుడు ల్యాప్‌టాప్ వైపు గడ్డం ఎగరేసి, “అందరు దాంట్లనే ఉన్నరు మామా” అన్నాడు.

సరే, ఉన్నారనుకున్నాను. ఒక పెద్దమనిషి లేచి మైకు పట్టుకున్నాడు. ఘంటసాల పాట. గొంతు బాగానే ఉంది, అబద్ధం చెప్పను. పల్లవి దాటింది. చరణం ఎత్తుకునే చోట కళ్లజోడు సవరించుకున్నాడు పాపం, అరక్షణం ఆలస్యమైంది. ల్యాప్‌టాప్‌లో ఉన్న వాయిద్యగాళ్లు ఆగలేదు. వాళ్ల తోవన వాళ్లు పోయారు, ఈయన వెనకాల ఉరుకు. ముప్పై అయిదేళ్లు కండక్టరు పని చేసినవాణ్ని. కదిలిన బస్సు వెనక ఉరికే మనిషి కనబడితే నా చెయ్యి దానంతటదే బెల్లు తాడు కోసం పైకి లేస్తుంది. ఆ రోజూ లేచింది. గుంజుదామంటే తాడు లేదు.

ఇంకా విచిత్రం మిగతా జనం. ఆయన పాడుతుంటే వినేవాడు ఒక్కడు లేడు. తలా ఒక ఫోను, చెవిలో తలా ఒక వైరు. తర్వాత తాము పాడబోయే పాటను లోలోపల గొణుక్కుంటున్నారు. పాట అయిపోగానే మాత్రం ఠపఠపా చప్పట్లు. ఒకడి వంతు అయిపోయింది, మన వంతు దగ్గరికొచ్చింది అనే సంతోషం కాబోలు.

మా రోజుల్లో అని నేను నోరు తెరిస్తే మా మనవరాలు చెవులు మూసుకుంటుంది. మూసుకోనీ.

నేను ఆర్టీసీలో చేరింది 1974లో. ఆ ఏడు ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. అందుకే నా సర్వీసు ఎవరైనా అడిగితే ఘంటసాల పోయిన ఏటి నుంచి లెక్క చెబుతాను. మొదట మిర్యాలగూడ, తర్వాత కోదాడ, చివరికి సూర్యాపేట. ఈ మూడు ఊళ్ల మధ్యే టికెట్లు కొట్టి రిటైరయ్యాను. నాకొచ్చిన సంగీతం ఒక్కటే, తాళం వెయ్యడం. ఇత్తడి చేతాళాలు. అదీ ఒక విద్యేనా అని మా అన్నలు నవ్వేవాళ్లు. తాళం వేసేవాడికి రాగాల పేర్లు తెలియనక్కర్లేదు, గొంతు అక్కర్లేదు. కానీ వాడు తప్పితే పదిమందీ తప్పుతారు. బస్సులో కండక్టరు సంగతీ అంతే కదా. చేతిలో తాళాలు లేని వేళల్లో టికెట్ పంచ్ ఉండేది. సీటు రాడ్డు మీద దాంతో టకటకా కొడుతూ ‘టికెట్, టికెట్’ అంటూ పోతుంటే, ముసలమ్మలు కొంగుముడి విప్పుతూ కూడా ఆ లెక్కకే తల ఊపేవాళ్లు.

అప్పట్లో మూల ఊళ్లకు రాత్రి చివరి బస్సు పోయి అక్కడే పడుకుని, తెల్లవారి అదే మొదటి బస్సుగా తిరిగొచ్చేది. నైట్‌హాల్ట్ అనేవాళ్లం. డ్రైవరు బస్సులోనే నడుం వాల్చేవాడు. నేను డబ్బుల సంచి తలకింద పెట్టుకుని రామాలయం అరుగు మీద. శనివారమైతే ఆ అరుగు మీద నిద్ర పట్టేది కాదు, భజన ఉండేది. ఉత్త మనిషిగా పడుకున్నవాణ్ని నాలుగో వారానికి చేతాళాలు పట్టుకుని కూర్చున్నాను. అలా హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మఠంపల్లి తోవల్లో ఏ ఊళ్లో ఎవరు ఢోలక్ వాయిస్తారో, ఎవరి హార్మోనియంలో ఏ రీడు పలకదో అన్నీ నాకు తెలిసిపోయాయి. వచ్చే పున్నానికి ఫలానా ఊళ్లో ఏకాహం, మీ జట్టు రావాలని కబురు పోవాలంటే అప్పుడు ఫోన్లు లేవు. కండక్టరే ఫోను. హార్మోనియం పెట్టెకు లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అన్న ధర్మసందేహం వచ్చినప్పుడు నేనేం చేసేవాణ్నో ఇప్పుడు చెప్పినా పెన్షన్‌కు ఇబ్బంది లేదనుకుంటాను. కొట్టేవాణ్ని కాదు.

మిర్యాలగూడ జట్టు చెబుతాను. హార్మోనియం ఒక దర్జీది. సొంతూరు కోదాడ, బతుకుదెరువుకు వచ్చి మిర్యాలగూడలో మిషను పెట్టాడు. పగలు కాలితో మిషను తొక్కేవాడు, రాత్రి చేత్తో పెట్టెకు గాలి కొట్టేవాడు. ఢోలక్ సైకిళ్లు బాగుచేసే సాయబుది. తబలా రైసుమిల్లు గుమస్తాది. ముందుపాట పోస్టుమ్యాన్‌ది. వంతకు మిల్లు హమాలీలు నలుగురైదుగురు, కోర్టు బంట్రోతు ఒకాయన. వీళ్లలో ఒక్కడికీ గురువు లేడు. సరళీ స్వరాలంటే ఎవరో సరళ అనే ఆడపిల్ల సంగతి అనుకునే రకం. రామదాసు కీర్తనలు, తరంగాలు, వీరబ్రహ్మంగారి తత్వాలు అన్నీ చెవితో పట్టినవే. ఒక్కో పాటకు ఊరికో వరస. ఎవరి వరస అసలుది అనే గొడవతో ఒక్కోసారి భజన గంట ఆలస్యంగా మొదలయ్యేది.

కానీ ఆ పోస్టుమ్యాన్‌కు చలికాలంలో గొంతు పట్టేస్తే, దర్జీ మాట్లాడకుండా ఒక మెట్టు కిందికి దిగి వాయించేవాడు. ‘శ్రుతి దింపు’ అని ఎవరూ అనేవాళ్లు కాదు. మొదటి ఆలాపన వినగానే ఆయనకే తెలిసేది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనూ శ్రుతి దింపే బొత్తాం ఉందని అల్లుడు చెప్పాడు. ఉంటే ఉండనీ. ఫలానావాడికి ఇవాళ జలుబు చేసిందని దానికి ఎవరు చెప్పాలి?

పాటగాడు చరణం మరిచిపోయాడనుకోండి. హార్మోనియం ఆ ముక్కనే ఇంకోసారి పలికించేది. ఢోలక్ సాయబు నాలుగు దెబ్బలు ఎక్కువేసి సందు పూడ్చేవాడు. వంతవాళ్లు పల్లవి మళ్లీ ఎత్తుకునేవాళ్లు. మా భాషలో దానికి ‘అందుకోవడం’ అని పేరు. జారినవాణ్ని జారినట్టు ఊరికి తెలియకముందే చెయ్యి అందించడం. ఒక శ్రీరామనవమి పందిట్లో పోస్టుమ్యాన్‌కు మూడో చరణం ఎంతకీ గుర్తు రాకపోతే మేం పల్లవి పదకొండుసార్లు తిప్పాం. నేను లెక్కపెట్టాను, కండక్టరు బుద్ధి. పందిట్లో ఉన్న పెద్దలు అదేదో కొత్త పద్ధతి అనుకుని మెచ్చుకున్నారు.

ఏకాహం సంగతి చెప్పకపోతే ఇదంతా ఉత్త ముచ్చటే. ఒక పొద్దుపొడుపు నుంచి మరుసటి పొద్దుపొడుపు దాకా రామనామం తెగకూడదు. ఇరవై నాలుగు గంటలు. అఖండ దీపం ఒక పక్క, తాళం ఒక పక్క, రెండూ ఆరకూడదు. చుట్టుపక్కల ఊళ్ల జట్లు వస్తాయి. జట్టుకు రెండు గంటల చొప్పున వంతు. చూడాల్సింది వంతు మారే ఘడియ. కొత్త జట్టు వచ్చి పాత జట్టు వెనక నిలబడుతుంది. ఊరికే నిలబడదు. ముందు వాళ్ల నడక వింటుంది. తర్వాత మెల్లగా వాళ్ల తాళం మీద తమ తాళం కలుపుతుంది. కాసేపు రెండు జట్లూ కలిసే వాయిస్తాయి. అప్పుడు పాతవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటారు. మొదట వంతవాళ్లు, తర్వాత ఢోలక్, అందరికన్నా చివర తాళం. దీపం నుంచి దీపం అంటించినట్టు తాళం నుంచి తాళం అంటించాలి. ఎక్కడ ఒకరు ఆపారో ఎక్కడ ఒకరు ఎత్తుకున్నారో కళ్లు మూసుకున్నవాడికి తెలియకూడదు. తెలిసిందా, ఆ ఊళ్లో ఆ జట్టు పరువు పోయినట్టే. ఆర్టీసీలో ముప్పై అయిదేళ్లలో అంత శుభ్రంగా డ్యూటీ అప్పజెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

రాత్రి రెండు నుంచి నాలుగు దాకా వంతు ఎవరికీ వద్దు. దయ్యాల జాము అనేవాళ్లం. కళ్లు మూతలు పడతాయి, నాలుక మందమవుతుంది, నామం నత్తనడక నడుస్తుంది. ఆ వంతు మాకిచ్చేవాళ్లు. మిర్యాలగూడ హమాలీలకు రాత్రి షిఫ్టు అలవాటు, నాకు నైట్‌హాల్ట్ అలవాటు. బస్తాలు మోసిన గొంతులు చూడండి, మూడు గంటలకు అవి తెరుచుకునేవి. పగటిపూట పెద్దగా వినబడని మనిషి ఆ వేళకు గుడి కప్పు లేచేలా వంత అందుకునేవాడు. ఇత్తడి గ్లాసుల్లో బెల్లం చాయ్ వచ్చేది. తాగాలంటే పక్కవాడికి తాళం అప్పజెప్పి, రెండు గుక్కలు మింగి మళ్లీ తీసుకోవాలి. పొద్దున వసంతం చల్లుకుని, పులిహోర తిని, రంగు మరకల చొక్కాతోనే మొదటి ట్రిప్పు ఎక్కేవాణ్ని. బస్సంతా నాతో పాడినవాళ్లే. ఎవరికీ గొంతు లేదు. వేలు చూపించి టికెట్లు అడిగేవాళ్లు.

ఊరూరికీ రుచి వేరు. సాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లొచ్చాక అవతలి జిల్లాల నుంచి రైతులు ఇటు వచ్చి భూములు కొన్నారు. నీళ్లతో పాటు నాటకం పిచ్చి కూడా పారింది. కోదాడ దాటితే జగ్గయ్యపేటే కదా. కోదాడ జట్టుకు భజన కన్నా పద్యం ఇష్టం. రాయబారం సీను, హరిశ్చంద్ర కాటిసీను. పద్యం ఆఖర రాగం ఎంతసేపు తీస్తే అంత మొనగాడు. పక్కవాడి కోసం ఆగే గుణం వాళ్లకు కొంచెం తక్కువ, ఇది నా సొంత అభిప్రాయం. రామదాసు పుట్టిన నేలకొండపల్లి కోదాడ నుంచి ఖమ్మం పోయే తోవలోనే ఉంది. అందుకని వాళ్లు ఆయన గురించి పక్కింటి గోపన్న అన్నట్టే మాట్లాడేవాళ్లు. సర్కారు సొమ్ము గుడికి ఖర్చు పెట్టి గోలకొండ జైలుకు పోయిన కథ వచ్చినప్పుడల్లా నా కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగేవి. డిపోలో డబ్బు కట్టే వేళ పది పైసలు తేడా వస్తే ఎట్లుంటుందో కండక్టరుకే తెలుసు.

సూర్యాపేట జట్టు ఇంకో రకం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఈ నల్లగొండ నేల మీద బుర్రకథలు ఆడించింది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాటం పాటగా మార్చింది ఈ గడ్డ మీదే. సూర్యాపేట ముసలివాళ్లలో ఆ వరసలు అట్లాగే ఉండేవి. శనివారం గుళ్లో ఢోలక్ కొట్టిన చెయ్యే మే 1న ఎర్రజెండా ఊరేగింపులో డప్పు అందుకునేది. దేవుడున్నాడా లేడా అని వాదించుకోవడం భజన అయ్యాక, చాయ్ దగ్గర. వాయించేటప్పుడు ఆ మాట లేదు.

ఇట్లా కలిసి వాయించే గుణం ఎట్లా పోయింది? ఒక్కరోజులో పోలేదు. 1980లలో టేపురికార్డరు గుళ్లోకి వచ్చింది. పూజారి బొత్తాం నొక్కితే సుప్రభాతం, మా జట్టుకు తీరిక. టీవీ వచ్చాక ఆదివారం పొద్దున రామాయణం చూడ్డానికి ఊరు ఊరంతా కూర్చుంది, రాముడి భజనకు మాత్రం మనిషి దొరకలేదు. అయ్యప్ప మాలలు పెరిగాక పడిపూజల పుణ్యమా అని భజన కొన్నాళ్లు మళ్లీ బతికింది. అదీ త్వరలోనే కిరాయి భజన పార్టీల చేతికి పోయింది. కీబోర్డు ఒకటి, రిథమ్ ప్యాడ్ ఒకటి, ఇద్దరు మనుషులు, గంటకు ఇంత. ఇంటివాళ్లు సోఫాల్లో కూర్చుని వింటారు. ఆ తర్వాత డీజే. దాని గురించి రాస్తే రక్తపోటు పెరుగుతుంది, మాత్ర వేసుకునే వేళ కూడా కాలేదు.

దర్జీకి బతుకంతా ఒక్కటే కోపం. రేడియోవాళ్లు తన పెట్టెను వెలివేశారని. అది వట్టి మాట కాదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. మెట్టు మీద ఆగిపోయే స్వరానికి గమకం రాదు, అది మన సంగీతానికి పనికిరాదు అన్నారు పెద్దలు. పెట్టె పుట్టుక ఫ్రాన్సులో, నిజమే. కానీ కాళ్లతో తొక్కే ఆ మిషనును నేల మీద కూర్చుని చేత్తో గాలి కొట్టుకునేలా మార్చింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్. అది 1875 ప్రాంతం మాట. మన నేల మీద కూర్చున్నది మనది కాకుండా ఎట్లా పోతుందని దర్జీ వాదన. గమకం సంగతి ఎత్తితే, “అది గొంతుల ఉండాలె, పెట్టెల ఎందుకు?” అనేవాడు. ముప్పై ఏళ్ల తర్వాత 1971లో రేడియోవాళ్లు కొంచెం తలుపు తెరిచారు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. కరోకే సభ నుంచి వచ్చాక నా గొణుగుడు భరించలేక మా మనవరాలు ఫోన్లో ఏదో వెతికి, “తాతా, నీకు మంట పుట్టేది ఒకటి చెప్పనా?” అంది. కరోకే మిషను పుట్టింది కూడా 1971లోనేనట, జపాన్‌లో కోబె అనే ఊళ్లో. చేసినాయన పేరు దైసుకె ఇనోఉయె. ఆయన ఇంజనీరు కాదు, బార్లలో పాటగాళ్ల పక్కన కూర్చుని వాయించేవాడు. అంటే మా దర్జీ లాంటివాడు! పాట రానివాడు పాడినా వాడి నడకకు తగ్గట్టు వాయించడంలో ఆయన దిట్ట. ఆయన వాయిస్తే తప్ప పాడలేని ఒక కంపెనీ యజమాని, ఉద్యోగుల్ని తీసుకుని ఊరికి పోతూ తనతో రమ్మన్నాడట. ఈయనకు వీలుపడలేదు. నేను రాలేను గానీ నా వాయిద్యం తీసుకుపో అని టేపు మీద వాయించి ఇచ్చాడు. ఆ టేపే తర్వాత మిషను అయింది. కరోకే అంటే వాళ్ల భాషలో ఖాళీ ఆర్కెస్ట్రా అని అర్థమట. ఖాళీ ఆర్కెస్ట్రా! మేడ మీద హాల్లో వాయించేవాళ్ల కోసం నేను వెతికినప్పుడు అల్లుడు నవ్వాడు గానీ, ఆ పేరులోనే ఉంది నా ప్రశ్నకు జవాబు.

చూశారా యోగం. ఇక్కడ హార్మోనియం వాయించేవాడికి రేడియో తలుపు తెరుచుకున్న ఏడే, అక్కడ వాయించేవాడే అక్కర్లేని మిషను పుట్టింది. ఆయనకు దాని మీద పేటెంటు కూడా లేదట. 2004లో అమెరికాలో నవ్వించడానికి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతుల్లో ఆయనకు శాంతి బహుమతి ఇచ్చారు. మనుషులు ఒకరినొకరు సహించుకోవడానికి కొత్త దారి చూపించాడని. వాళ్లు వెక్కిరింతగా ఇచ్చినా నాకు సగం నిజమే అనిపించింది. ఆ మేడ మీద అందరూ అందర్నీ సహిస్తున్నారు. విననివాణ్ని సహించడానికి ఇబ్బందేముంది?

ఇదంతా మా ఇంట్లో భోజనాల దగ్గర చెబుతుంటే మా ఆవిడ అన్నం వడ్డించడం ఆపింది.

“మీ భజనల మా జాగ యాడ?”

“వెనక వరుసల.”

“మంగళహారతి పాడనిచ్చేటోళ్లు. గది గూడ ప్రసాదం పంచే టైముకు. మరి మొన్న ఆ మేడ మీద ఆడోళ్లు ఎంతమంది పాడిన్రు?”

సగం మంది. లెక్క నాకు ఎట్లాగూ తప్పదు. అందులో ఒక రిటైర్డు టీచరమ్మ పాడిన సుశీల పాట హాలు మొత్తంలో చెవిలో వైర్లు తీయించిన ఒకే ఒక్క పాట. ఆవిడ ముప్పై ఏళ్లు అదే సూర్యాపేటలో ఉంది. మా శనివారాల్లో ఒక్కనాడూ ఆవిడ గొంతు మాకు వినబడలేదు.

“బతుకమ్మ ఆడితె మేమంత ముందు పాడేటోళ్లమే, వంత పాడేటోళ్లమే. పెట్టె లేదు, ఢోలకు లేదు. రెండు చేతులే. మీరెన్నడన్న వంత పాడిన్రా?”

పాడలేదు. ఇప్పుడు ఆ బతుకమ్మను కూడా డీజే పెట్టి ఆడుతున్నారు కదా అని నేను అనబోయాను గానీ, పచ్చిపులుసు గిన్నె ఆమె చేతిలో ఉంది.

ఆమె అనని మాట ఇంకొకటి ఉంది, అది నేనే చెప్పుకోవాలి. మా జట్టులో అందరికన్నా గట్టి తాళజ్ఞానం ఉన్న మనిషి జట్టులో లేడు. డప్పు కొట్టేవాడు. ఏకాహం నాడు గుడి బయట, చింతచెట్టు కింద నిలబడి చిటికెన పుల్లతో మా నడకను పట్టుకునేవాడు. మేం ఉరికితే ఆయన ఉరికేవాడు కాదు. ఆయన దెబ్బ విని మేమే దారికి వచ్చేవాళ్లం. దయ్యాల జామున నన్ను నిలబెట్టింది చాలాసార్లు ఆ చెట్టు కింది దెబ్బే. లోపలికి రమ్మని పిలిచినవాళ్లలో నేను లేను. డబ్బుల సంచి మీద తల పెట్టి పడుకున్నవాడికి అంత ధైర్యం ఎక్కడిది అని సర్దిచెప్పుకున్నాను అప్పుడు. ఇప్పుడు ఆ గుడికి గ్రిల్ తలుపులు, మైకు సెట్టు ఉన్నాయి. అరుగే లేదు.

కలిసి ఆడేవాళ్లు అసలు లేరా అంటే ఉన్నారు. మూడు ఊళ్లలోనూ ఆడవాళ్ల కోలాటం జట్లు లేచాయి. ఒకే రంగు చీరలు, నలభై దాటినవాళ్లు, యాభై దాటినవాళ్లు. రేషన్ షాపు ఆవిడ, అంగన్‌వాడీ టీచరు, మిల్లు యజమాని కోడలు ఒకే వరుసలో. బ్రహ్మోత్సవం వచ్చిందంటే చాలు. మొదట నేను పెదవి విరిచాను, పాట స్పీకర్లోంచి వస్తోంది కాబట్టి. తర్వాత మా వీధిలో సాధన చేస్తుంటే నిలబడి చూశాను. పాటను వినేవాళ్లు సగమే. అందరూ వినేది పక్కదాని కర్రను. విననిదాని వేళ్ల మీద దెబ్బ పడుతుంది. ఆ భయం ఉన్నంతకాలం తాళం ఎక్కడికీ పోదు. కరోకేవాళ్ల చేతికి కూడా తలా రెండు కర్రలు ఇవ్వాలని మా అల్లుడికి సలహా చెప్పాను. గ్రూపులో పెడతానన్నాడు. పెట్టడు.

దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర ఇంకా ఉంది, రెండేళ్లకోసారి మాఘమాసంలో. గజ్జెల లాగులు కట్టుకుని, భేరీలు మోగిస్తూ, ‘ఓ లింగా’ అంటూ యాదవులు గుట్ట ఎక్కుతుంటే అక్కడ కచేరీ చేసేవాడు వేరు, వినేవాడు వేరు అనేది లేదు. నిరుడు ఫిబ్రవరిలో పోయానా, అంతకుముందు ఏడా, గుర్తులేదు. కాలి కింద నేల అదురుతుంటే అరవై ఏళ్లు తగ్గినట్టే ఉంది. కిందికి దిగేటప్పుడు మోకాళ్లు మళ్లీ అరవై కలిపాయి.

పోయిన శనివారం రాత్రి దర్జీ ఫోను చేశాడు. ఎనభై నాలుగో ఏడు, కోదాడలో కొడుకు దగ్గర ఉన్నాడు. చూపు మందగించింది. పెట్టె మాత్రం మంచం పక్కనే పెట్టించుకున్నాడు. ఎలుకలు తిత్తి కొరికితే పాత షర్టింగ్ గుడ్డ అతికి తానే కుట్టాడట, వేలు తడుముకుంటూ.

“తమ్మీ, తాళాలున్నయా?”

ఉన్నాయి, దేవుడి గూట్లో. ఫోనును స్పీకర్లో పెట్టి పప్పు డబ్బాకు ఆనించాను. ఆయన అక్కడ పెట్టె తెరిచాడు, పోస్టుమ్యాన్ మూడో చరణం మరిచిపోయిన పాటే ఎత్తుకున్నాడు. నేను ఇక్కడ తాళం అందుకున్నాను. రెండు ఆవర్తాలు తిరిగాయో లేదో అవతల నుంచి కేక.

“తాళం గుంజుతున్నవ్ తమ్మీ!”

“నేనెక్కడ గుంజుతున్న? నువ్వే ఉరుకుతున్నవన్నా.”

“యాభై ఏండ్ల సంది నీదిదే కథ.”

మనవరాలు తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది. ఫోన్లో మాట ఇటు నుంచి అటు పోవడానికి, అటు నుంచి ఇటు రావడానికి కొంచెం జాప్యం ఉంటుందట. ఆయన దెబ్బ నాకు అర అక్షరం ఆలస్యంగా వస్తుంది, నా తాళం ఆయనకు ఇంకో అర ఆలస్యంగా పోతుంది. తప్పు ఇద్దరిదీ కాదట. ఆ మాట దర్జీకి చెప్పాను. నమ్మలేదు, కానీ మళ్లీ మొదటికి వచ్చి పల్లవి ఎత్తుకున్నాడు. ఈసారి నా తాళం వచ్చేదాకా ఆయన ఆగాడు. ఆయన స్వరం వచ్చేదాకా నేను ఆగాను. ఒకరి కోసం ఒకరం ఆగుతూ, ఆగుతూ, నాలుగో ఆవర్తానికి పాట నడక చచ్చి పూర్తిగా నిలబడిపోయింది.